అక్షిత తెచ్చిన ఉప్పు

అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అన్నదట ఉప్పు. కొడిమ్యాలలో బీడీలు చుట్టుకుని బతికే వజ్రమ్మకు, కొడుకు కంచం ముందు కూర్చున్నప్పుడల్లా ఆ సామెత ఎంత నిజమో తెలిసివచ్చేది. సిరిసిల్లలో బట్ట నేసే సాంచాల మీద పనిచేసిన ఆనంద్‌కు చిన్న వయసులోనే రెండు కిడ్నీలూ పోయాయి. జగిత్యాల పోయి డయాలసిస్ చేయించుకుంటే గానీ వారం గడవదు. ఉప్పు తగ్గించమన్నారు, కొబ్బరినీళ్లు ముట్టొద్దన్నారు, కూరగాయలు ఉడకబెట్టి ఆ నీళ్లు పారబోయమన్నారు. వజ్రమ్మ చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆ కూరను గొడ్డు కూడా ముట్టదు. ఆనంద్ రెండు ముద్దలు మింగి చెయ్యి కడుక్కునేవాడు.

కోరుట్లలో కాపురముంటున్న చెల్లెలు అక్షిత, అన్న బక్కచిక్కడం చూడలేకపోయింది. ఒకసారి వస్తూ వస్తూ పెద్ద దుకాణం నుంచి ఉప్పు ప్యాకెట్ పట్టుకొచ్చింది.

"అవ్వా, గీ ఉప్పుల సోడియం తక్కువనట. బీపీ ఉన్నోళ్లు గిదే తింటున్నరు. అన్నకు గిది వెయ్యి."

చదువుకున్న పిల్ల, పైగా అన్నంటే ప్రాణం. వజ్రమ్మ ఇంకేం అడుగుతుంది? ఆ పూట సొరకాయ కూర వండితే ఆనంద్ కంచం నాకినంత పని చేశాడు.

"గిన్ని దినాలకు కూర కూర లెక్క ఉన్నదే అవ్వా," అని నవ్వాడు. ఆ ఇంట్లో నవ్వు వినిపించి ఎన్నాళ్లయిందో. వజ్రమ్మ పొయ్యి వైపు తిరిగి కళ్లు తుడుచుకుంది.

ఆ సంబురం నిండా నెల కూడా నిలవలేదు. ఒక పొద్దున ఆనంద్ మంచం దిగబోయి కూలబడ్డాడు. "కాళ్లు నాయి కానట్టున్నయే," అన్నాడు. ఆటోలో జగిత్యాల చేరేసరికి నాడి అందీ అందకుండా ఉంది. ఈసీజీ కాగితం చూడగానే డాక్టరమ్మ ఉరుకులు పెట్టింది. సూదులు పొడిచారు, గుండెను రెండు చేతులా ఒత్తారు. మధ్యాహ్నానికి అంతా అయిపోయింది.

"కొత్తగా ఏమన్న తినిపిచ్చినవా అమ్మా?" అని డాక్టరమ్మ పక్కకు పిలిచి అడిగింది.

వజ్రమ్మ ఉప్పు సంగతి చెప్పింది. డాక్టరమ్మ ఆమెను బల్ల మీద కూర్చోబెట్టి చెప్పింది.

"గుండె కణాలకు కంటికి కానరాని తలుపులుంటయమ్మా. అవి తెరుసుకుంట, మూసుకుంట ఉంటెనే గుండె కొట్టుకుంటది. పొటాషియం కణం లోపల ఎక్కువ, బయట రక్తంల తక్కువ ఉంటెనే ఆ తలుపులు మాట వింటయి. గీ ఉప్పుల సోడియం తగ్గించి, దాని జాగల పొటాషియమే కలుపుతరు. కిడ్నీలు మంచిగున్నోళ్లకు అది మూత్రంల పోతది. ఈయనకు ఎటూ పోలే. రక్తంల ఆమ్లం గూడ పెరిగి, కణాల లోపలున్న పొటాషియంను బయటికి నూకింది. తలుపులు బిగుసుకపోయినయి. అవి తట్టుకుంటయని కాల్షియం ఎక్కించినం. అయినా ఆగలే."

వానకు ఉబ్బిన తలుపు ఎంత నెట్టినా రాదని వజ్రమ్మకు తెలుసు. ఆ మాత్రం అర్థమైంది. అర్థమైన మరుక్షణం ఆమెకు కూతురు గుర్తొచ్చింది. తాడే పామై కరిచిందంటే ఎట్లాగో తట్టుకోవచ్చు, ఆ తాడు తెచ్చి ఇచ్చింది తనేనని తెలిస్తే అక్షిత బతుకుతుందా?

"గీ ముచ్చట నా బిడ్డకు చెప్పకున్రి మేడం," అని డాక్టరమ్మ చేతులు పట్టుకుంది. "ఉన్న ఒక్కదాన్నన్న నాకు మిగలనియ్యున్రి."

కోరుట్ల నుంచి ఏడ్చుకుంటూ వచ్చిన అక్షిత తల్లి భుజాలు పట్టి కుదిపింది. "ఏమైందే అవ్వా? మొన్న మంచిగుండె గదనే!"

"కొబ్బరినీళ్లు తాపిన బిడ్డా. దూపైతుందన్నడు. పానం ఆగక నేనే తాపిన."

అక్షిత తల్లిని కొట్టినంత పని చేసింది. "ఎన్నిసార్లు చెప్పిన్నే నీకు? అన్నను సంపినవ్ గదనే!"

ఆ మాట ఊరంతా పాకింది. కన్నకొడుకును పొట్టన పెట్టుకుందని అందరూ ఆడిపోసుకున్నారు. ఊరి నోటికి మూత ఎవరు పెడతారు? వజ్రమ్మ అన్నీ విన్నది, అన్నిటికీ తలొంచింది.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. పోయినవాడికి ఇష్టమైనవి వండి విస్తరిలో పెట్టి, పిట్ట ముట్టేదాకా ఇంటిల్లిపాదీ ఎదురుచూడాలి. తల్లితో మాట మానేసిన అక్షిత గోడతో చెప్పినట్టు చెప్పింది. "అన్నకు సొరకాయ కూర ఇష్టం. నేను తెచ్చిన ఉప్పే వేసి వండున్రి."

ఆ ప్యాకెట్‌ను వజ్రమ్మ అప్పటికే బియ్యం డబ్బా వెనుక దాచిపెట్టింది. ఉప్పు లేదని చెబితే ఏమైందని కూతురు అడుగుతుంది, వద్దంటే ఎందుకని అడుగుతుంది. తీసింది. కొడుకును చంపిన ఉప్పును కొడుకు పేరిట వండే కూరలో తన చేత్తోనే వేసింది. ఆ చెయ్యి విరిగిపడినా బాగుండేదనుకుంది.

కాకులు గోడ మీద వాలాయి గానీ కిందికి దిగలేదు. ఎండ ముదిరింది.

"పోరనికి ఏదో మనాది, తీరని దిగులు ఉన్నది," అన్నాడు మేనమామ లస్మయ్య.

"మనాదేంది మామా, అవ్వ మీద కోపం," అన్నది అక్షిత.

వజ్రమ్మ విస్తరి దగ్గరికి పోయి కూలబడింది. చేతులు జోడించి, పెదవులు కదలీ కదలకుండా గొణిగింది. "చెల్లెకు చెప్ప కొడుకా. నేను సచ్చేదాక చెప్ప. ముట్టు నాయినా."

ఆమె లేచి వెనక్కి జరిగిందో లేదో, ఒక కాకి దిగి కూరలో ముక్కు పెట్టింది.

అక్షిత భోరుమంది. "సూసిన్రా, నా ఉప్పు వేసిన కూరనే ముట్టిండు అన్న! నేనన్న ఆయినకు నచ్చింది తెచ్చి పెట్టిన."

"ఔ బిడ్డా," అన్నది వజ్రమ్మ. "దాంతోనే కడుపునిండ తిన్నడు వాడు."

అక్షిత ఆమె వైపు చూడకుండా మొహం తిప్పుకుంది.