బ్రగాన్సా వారి కోడళ్లు

"మీ డ్యూకు గారి భోజనాలయ్యాయా? మా సంగతి కూడా కాస్త చూస్తావా?"

నేను యూనివర్సిటీ నుంచి వచ్చి గుమ్మంలో చెప్పులు విడుస్తుండగానే మా ఆయన అనే మాట ఇది. మొదటిసారి అన్నప్పుడు నేనూ నవ్వాను. అక్కడే పొరపాటు చేశాను. ఒకసారి నవ్వితే చాలు, ఆ హాస్యానికి ఇంట్లో శాశ్వతంగా చోటు దొరికిపోతుంది. రెండేళ్లయినా దానికి విసుగు రాదు, వినేవాళ్లకే వస్తుంది. నేను వంటింట్లోకి వెళ్లి బియ్యం కడిగి కుక్కర్ పెడతాను. పప్పు ఉడికేలోపు మా అమ్మాయి పింకీ లంచ్ డబ్బా కడగాలి, దాని యూనిఫాం వాషింగ్ మెషీన్‌లో వెయ్యాలి, మర్నాటికి ఆయన చొక్కా ఇస్త్రీ చెయ్యాలి. కూర కలుపుతూ పొయ్యి పక్కన జిరాక్సు కాగితాలు పెట్టుకుని చదువుకుంటాను. నా కాగితాలన్నిటి మీదా ఏదో ఒక మూల పసుపు మరక ఉంటుంది. మా గైడ్ మార్గరెట్ ఒకసారి వాటిని వాసన చూసి, లైబ్రరీలో ఇంత ఆకలి ఎప్పుడూ వెయ్యలేదంది.

డ్యూకు గారంటే బ్రగాన్సా డ్యూకు. పోర్చుగల్‌లో రాజు తర్వాత అంతటి ఇల్లు మరొకటి లేదు. హైదరాబాదులో ఎంఏ చదివేటప్పుడు గోవా నుంచి వచ్చిన ఒక మేడమ్ మాకు పోర్చుగీసు నేర్పింది. అందరూ నెలకే మానేశారు, నేను మానలేదు. ఆ భాష పట్టుకునే ఆ ఇంట్లోకి వెళ్లాను. నా పరిశోధన డ్యూకుల మీద కాదు, వాళ్ల భార్యల మీద. ఈ మాట మా ఆయనకు ఎన్నిసార్లు చెప్పానో. ఆయన చెవి డ్యూకు దగ్గరే ఆగిపోతుంది.

ఆ బిరుదు పుట్టింది 1442లో. మొదటి డ్యూకు అఫోన్సో, రాజుగారికి పెళ్లి కాకుండా పుట్టిన కొడుకు. పుస్తకాలన్నీ అక్కడే మొదలవుతాయి. మరి పెళ్లి కాకుండా పుట్టినవాడికి అంత ఆస్తి ఎక్కడిది? భార్య తెచ్చింది. ఆమె పేరు బియాత్రిజ్, దేశానికే పేరుపొందిన సేనానికి ఒక్కతే కూతురు. ఊళ్లకు ఊళ్లు ఆమె వెంట అత్తింటికి వచ్చాయి. భర్త డ్యూకు అయ్యేనాటికి ఆమె చనిపోయి చాలా ఏళ్లయింది. ఆమెను డచెస్ అని ఎవరూ పిలవలేదు. రెండు వందల ఏళ్ల తర్వాత అదే ఇంటి ఎనిమిదో డ్యూకు ఏకంగా పోర్చుగల్ రాజయ్యాడు. ఆయన తటపటాయిస్తుంటే భార్య లూయిసాయే ధైర్యం చెప్పి ముందుకు తోసిందంటారు. ఆస్తి ఒక కోడలు తెచ్చింది, తెగువ ఇంకో కోడలు తెచ్చింది. వంశం పేరు మాత్రం ఇద్దరిలో ఎవరిదీ కాదు.

ఈ ఇద్దరి మధ్యలో లియొనోర్ ఉంది. నాకు నిద్ర లేకుండా చేసింది ఈమే. నాలుగో డ్యూకు జైమే భార్య. స్పెయిన్ నుంచి చిన్నపిల్లగా ఉండగానే పెళ్లి చేసి తెచ్చారు. 1512లో విలా విసోజా అనే ఊళ్లో, వాళ్ల సొంత భవనంలో, భర్త ఆమెను చంపేశాడు. కొలువులో ఉన్న ఒక యువకుడితో సంబంధం ఉందని అనుమానం. అతని తల నరికించాడు, ఆమెను తన చేతులతోనే చంపాడు. అతను వచ్చింది ఆమె కోసం కాదు, ఆమె దగ్గర పనిచేసే ఒక అమ్మాయి కోసమని కొందరంటారు. తేలలేదు. తేల్చాలని ఎవరూ అనుకోలేదు కూడా.

మేము తొంభై ఏడులో సిడ్నీ వచ్చాం. టూంగాబీలో ఇల్లు అద్దెకు తీసుకున్నాం. వీసా మా ఆయనది, నేను ఆయన మీద ఆధారపడి వచ్చినదాన్ని. పారమట్టాలో ఒక కంపెనీలో ఆయన వై టూ కే పని చేసేవాడు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండే అంకెలున్న చోటల్లా నాలుగు పెట్టడం. ఆ రోజుల్లో ఇల్లంతా ఆయన చుట్టూ మునివేళ్ల మీద నడిచింది. రెండు వేల సంవత్సరం వచ్చింది. విమానాలు కూలలేదు, బ్యాంకులు మూతపడలేదు. కంపెనీలో అందరికీ గాజు పలక మీద పేరు చెక్కించి ఇచ్చారు. వారం తిరక్కుండా పేపర్లవాళ్లు, అంతా ఉత్త హడావుడి, ఏమీ జరగలేదుగా అని రాయడం మొదలుపెట్టారు. మా ఆయనకు ఒళ్లు మండిపోయింది.

"ఏమీ జరగలేదంటే దాని వెనక మేం చచ్చేంత చాకిరీ చేశామని అర్థం. అది ఒక్కడికీ తెలీదు సుందరీ. పని సరిగ్గా చేస్తే అసలు పని ఉన్నట్టే కనపడదు" అన్నాడు.

నేను ఆయన కాఫీ గ్లాసు తీస్తూ "అవునండీ" అన్నాను. అంతకన్నా ఏమనాలి? నా జీవితం గురించి ఇంత చక్కగా ఎవరూ చెప్పలేదు.

జనవరి చివర్లో లాంగ్ వీకెండ్‌కి రాజారావు అంకుల్ వాళ్ల పెరట్లో బార్బీ, అంటే బార్బెక్యూ, పెట్టారు. ఆయన ఇక్కడికి వచ్చి ఇరవై ఏళ్లయింది, మా తెలుగువాళ్లందరికీ పెద్ద. మగవాళ్లు మంట చుట్టూ బీరు సీసాలతో నిలబడ్డారు. పులిహోర, గారెలు, పెరుగు పచ్చడి చేసుకొచ్చిన మేము నీడలో కూర్చున్నాం. మా ఆయన గొంతు వినిపించింది.

"మా ఆవిడ డ్యూకు ఉన్నాడే, వాడికి పెళ్లాం మీద డౌటొచ్చిందట. అప్పట్లో కౌన్సెలింగూ గట్రా ఏం లేవు. డైరెక్ట్ షట్‌డౌన్. నో బ్యాకప్!"

అందరూ పగలబడి నవ్వారు. ఆడవాళ్లూ నవ్వారు. నాలుగు వందల తొంభై ఏళ్ల కింద చనిపోయిన మనిషి కోసం బాధపడితే పిచ్చిదనుకుంటారు. అందుకని అప్పుడూ నవ్వాను.

మార్చి మూడో వారంలో నా సెమినార్ పెట్టారు. ఇక్కడి పద్ధతి ప్రకారం రెండేళ్ల పని అందరి ముందూ చెప్పుకోవాలి. వాళ్లు సరేనంటేనే పీహెచ్‌డీ ముందుకు సాగుతుంది. అది అయితే మూడు నెలలు విలా విసోజా పంపిస్తానని మార్గరెట్ మాటిచ్చింది. ఆ ఇంటి కాగితాలు ఇప్పటికీ అక్కడే ఉన్నాయి. ఆ మాట నేను ఇంట్లో ఇంకా చెప్పలేదు. సెమినార్ అయ్యాక, ఆయన మంచి మూడ్‌లో ఉన్నప్పుడు, పప్పుచారు చేసిన రోజున చెబుదామనుకున్నాను.

ఫిబ్రవరిలో ఒక సాయంత్రం కుండపోతగా వాన. రైళ్లు ఆగిపోయాయి. పింకీని స్కూలు తర్వాత ఉంచే చోట ఆరింటికల్లా తలుపులేస్తారు. నాకు డ్రైవింగ్ రాదు. నేర్పమని అడిగినప్పుడల్లా "ఈ వారం బిజీ" అనేవాడు. అప్పుడు ఉబైద్ కారు ఆపాడు. కర్నూలు అబ్బాయి, మా యూనివర్సిటీలోనే నీటి పారుదల మీద పరిశోధన చేస్తున్నాడు. నన్ను అక్కా అని తప్ప ఇంకోలా పిలవలేదు.

"ఈ వానలో యాడికి పోతావక్కా? నేనూ ఆ దావనే పోతాండా, ఎక్కు" అన్నాడు.

పింకీని ఎక్కించుకుని మా వీధికి వచ్చాం. ఇంకో పది ఇళ్లు దాటితే మా ఇల్లు. "ఇక్కడ ఆపు ఉబైద్, మేం నడుస్తాం" అన్నాను. అతను నా వంక, వాన వంక చూశాడు. అతనికీ అర్థమయ్యే ఉంటుంది, ఆపాడు. ఎవరైనా చూస్తే ఏమనుకుంటారోనని మూల మీద దిగి, పిల్లను కొంగుచాటున పెట్టుకుని తడుస్తూ నడిచాను. శేషుకుమారి ఆంటీ, అంటే రాజారావు అంకుల్ భార్య, ఆ మూలకు ఎదురింటి వరండాలో వాన తగ్గాలని నిలబడి ఉంది. ఇంటి ముందు దిగి ఉంటే ఆమె చెయ్యి ఊపి ఊరుకునేది.

ఆదివారం గుళ్లో కలిసింది. "అదేంటమ్మా సుందరీ, అంత వానలో మూల మీద దిగావు? ఇంటి ముందే దిగొచ్చుగా" అంది, మా ఆయన పక్కనుండగానే. ఆమె మనసులో చెడు ఉందని నేననుకోను. ఆవిడకు నిజంగానే అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక నేను చొక్కాలు ఇస్త్రీ చేస్తుంటే మా ఆయన ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

"ఎవరి కారు?"

చెప్పాను. పింకీ కూడా ఉందని చెప్పాను.

"సరే. వానొచ్చింది, ఎక్కావు. నేను కాదన్లేదు. మూల దగ్గర ఎందుకు దిగావు?"

"మీరేమైనా అనుకుంటారేమోనని."

"నేనేం అనుకుంటానని?"

చేసిన కాలరే మళ్లీ ఇస్త్రీ చేశాను. ఆ ప్రశ్నకు ఏ జవాబిచ్చినా ఉచ్చు నా మెడకే పడుతుంది. భయం ఎందుకూ అంటే తప్పు ఉండబట్టే. పెళ్లయిన రోజు నుంచీ నేర్పించిన భయమే ఇవాళ నా మీద సాక్ష్యం చెబుతోంది. "ఏమీ లేదండీ" అన్నాను. ఆయన తలూపాడు. అరవలేదు, చెయ్యెత్తలేదు. ఫోన్ తీసుకొచ్చి నా ముందు పెట్టాడు.

"అతనికి చెప్పెయ్. ఇంక పలకరించొద్దని. అంతే, ఇంకేం అడగను."

నేను చేశాను. "ఉబైద్, ఇంక నాతో మాట్లాడొద్దు" అన్నాను. "సరే అక్కా" అన్నాడు. ఎందుకని అడగలేదు. నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఆ డ్యూకు కనీసం వేరేవాళ్ల చేత నరికించాడు, నేను నా నోటితోనే ఆ పని చేశాను.

మర్నాటి పొద్దున టిఫిను తింటూ మా ఆయన అడిలైడ్ ఉద్యోగం ఒప్పుకున్నానన్నాడు. మాసన్ లేక్స్‌లో, టెక్నాలజీ పార్కులో, టీమ్ లీడర్‌గా. మార్చి రెండో వారంలో చేరాలి.

"డాడ్, ఐ డోంట్ వాంట్ టు గో" అంది పింకీ.

"అక్కడ సరస్సులుంటాయి నాన్నా, బాతులుంటాయి" అన్నాడు.

"నా సెమినార్ ఆ తర్వాతి వారం" అన్నాను.

"అక్కడా యూనివర్సిటీ ఉంది సుందరీ, ఇంటి పక్కనే. ఏదైనా కంప్యూటర్ కోర్సు చెయ్యి. ఎన్నాళ్లని ఆ చచ్చినవాళ్లతో?" చట్నీ ఇంకొంచెం వేయించుకున్నాడు. "నేను నీకు ఎప్పుడైనా అడ్డు చెప్పానా?"

నిజమే, చెప్పలేదు. ఊరు మార్చాడు, అంతే.

మార్గరెట్ తేదీ ముందుకు జరుపుతానంది. అడిలైడ్ నుంచి విమానంలో రమ్మంది, టికెట్ యూనివర్సిటీ ఇస్తుందంది. ఏదైనా ఇబ్బందా అని తలుపు మూసి మరీ అడిగింది. నాకు ఇంగ్లీషు బాగా వచ్చు. కానీ ఏమని చెప్పను? కొట్టాడా, లేదు. తిట్టాడా, లేదు. చదువు మాన్పించాడా, లేదు. ప్రమోషన్ వచ్చింది. కుటుంబ కారణాలన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుని, "నీ లియొనోర్ గురించి ఇంకెవరు రాస్తారు?" అంది. ఎవరూ రాయరని నాకు తెలుసు, ఆమెకూ తెలుసు. నా గది తాళం ఆమె బల్ల మీద పెట్టి వచ్చేశాను.

బయల్దేరే ముందు ఆదివారం రాజారావు అంకుల్ మాకు వీడ్కోలు భోజనం పెట్టారు. ఊళ్లో మనవాళ్లందరికీ ఆ కారు కథ తెలుసు, నా ముందు ఎవరూ అనలేదంతే. మా ఆయన్ని చూసే చూపులో మాత్రం ఒక గౌరవం వచ్చింది. శేషుకుమారి ఆంటీ నాకు బొట్టు పెట్టి జాకెట్టు గుడ్డ ఇస్తూ, "బంగారం లాంటి మనిషమ్మా. ఇంకొకడైతేనా!" అంది చెవిలో. భోజనాలయ్యాక అంకుల్ గ్లాసు మీద చెంచాతో కొట్టి అందర్నీ పిలిచారు.

"మన పాండురంగ కొత్త ఉద్యోగానికి వెళ్తున్నాడు. ఏమ్మా సుందరీ, ఆ డ్యూకు గారి కథ ఒకసారి నువ్వు చెప్పు. మీ ఆయన సగమే చెప్పాడు."

లేచి నిలబడ్డాను. ముప్పై మంది చూస్తున్నారు. చెప్పాను. లియొనోర్ పేరు చెప్పాను, ఊరి పేరు చెప్పాను. ఆమె తప్పు చేసిందని ఎవరూ తేల్చలేదని చెప్పాను. ఆమెకు ఇద్దరు పిల్లలని చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

"మరి ఆ డ్యూకుని ఏం చేశారాంటీ?" అన్నాడు ద్వారకానాథ్, ఈమధ్యే హైదరాబాదు నుంచి వచ్చినవాడు.

"జరిగింది రాజుగారికి తెలుసు. ఊరందరికీ తెలుసు. ఎవరూ ఏదీ దాచలేదు. మరుసటి ఏడాది అతనికి పెద్ద సైన్యాన్నీ ఓడల్నీ అప్పజెప్పి, మొరాకోలో అజమోర్ అనే ఊరు గెలుచుకు రమ్మని పంపించారు. గెలిచాడు. తర్వాత ఇంకో పెళ్లి చేసుకున్నాడు. బిరుదు అతని దగ్గరే ఉంది."

మా ఆయన నేల చూపులు చూస్తున్నాడు. ఒక్కరికైనా అర్థమైందేమోనని ఒక్కొక్కరి ముఖం చూశాను. అంకుల్ గట్టిగా నవ్వి ఆయన భుజం మీద చరిచారు.

"ఆ కాలం మగవాళ్లు రాక్షసులమ్మా! మనవాడు అలాంటివాడా? నువ్వే చెప్పు, నిన్ను ఒక్క మాటైనా అన్నాడా?"

అందరూ నా వంక చూశారు. పింకీ కూడా చూస్తోంది.

"లేదంకుల్" అన్నాను. "ఒక్క మాట కూడా అనలేదు."

చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.