బండ పక్క గుంట

చంటిదాని గుడ్డలు ఉతుకుతున్నంతసేపూ చెంచులక్ష్మి చూపు బండ పక్కనున్న గుంట మీదే ఉంది. పొలానికి పోతూ పోతూ మొగుడు జయరామయ్య తవ్విపెట్టాడు దాన్ని. ఆ ఇసక పెరట్లో మొక్క బతికితే అక్కడే బతకాలి, ఉతికిన నీళ్ళు పారేచోట. అత్త వెంకటశేషమ్మ ఇందుకూరుపేట నుంచి ఎర్రగన్నేరు కొమ్మ తెచ్చి తడిగోనెలో చుట్టి ఉంచింది, పూజకు పూలుంటాయని. సమితి ఆఫీసులో ఊరికే ఇచ్చిన పొగడమొక్క గోడవార ఉంది. ఏ కాలంలోనూ ఆకు రాలని చెట్టు.

గన్నేరు విషమని ఎనిమిదో తరగతిలో మేష్టారు చెప్పాడు. ఆ ఏడే పెళ్ళి చేసి బడి మాన్పించారు. పిల్ల ఇప్పుడిప్పుడే పాకుతోంది. మట్టిబెడ్డయినా చీమయినా నోట్లోకే. అది నిద్రపోతున్నా సరే, చెంచులక్ష్మి దాని నోట్లో వేలు పెట్టి వెతుకుతుంది.

ఆ భయం చెబితే అత్త నవ్వింది. తన పిల్లలంతా గన్నేరు చెట్ల కిందే పెరిగారట, చదువుకున్నోళ్ళకే ఈ జబ్బులట. జయరామయ్య అన్నం కలుపుకుంటూ, పిల్లను కనిపెట్టుకోవడం కన్నా నీకు పనేముందన్నాడు. ఏముంది. బావినీళ్ళు ఉప్పు గనక ఇసకలో చెలమ తోడి మంచినీళ్ళు మోయడం, పేడ ఎత్తడం, వడ్లు దంచడం, ఎండకు కాలిన ఈ బండ మీద వంగడం. వీటిని ఏమంటారో ఆ ఇంట్లో ఎవరూ చెప్పలేదు. నిన్న ఇక్కడే కళ్ళు తిరిగి కూలబడింది. గంపలో పిల్ల గుక్కపెట్టి ఏడుస్తుంటే లేవలేకపోయింది. ఎవరితోనూ అనలేదు. అంటే, ఈ కాలపు ఆడదానికి సత్తువేదీ అంటారు.

ఆఖరి గుడ్డ పిండి ఆరేసి, లేచి పోయి పొగడమొక్క తెచ్చి గుంటలో నిలబెట్టింది.

అత్త గడపలోకి వచ్చి చూసింది. "ఏందమ్మే, దాన్నే పెడతన్నావా? అది నీడిచ్చే నాటికి నీ కూతురు అత్తగారింట్లో ఉంటాది."

నిజమే. ఇన్నాళ్ళూ పిల్ల పేరు చెప్పే గన్నేరు వద్దని, పొగడ పెడదామని అడిగింది. ఇక చెప్పడానికి ఆ పేరూ లేదు. చెంచులక్ష్మి మొక్క మొదట్లో మన్ను అదిమింది. మిగిలిన నీళ్ళు పోసింది.

"పిల్ల పోతాది అత్తా. నేను యాడికి పోతాను, ఈ బండ కాడ్నేగదా ఉండేది. నీడ నాక్కావాల."