ఓడలో పేడ ఎవరెత్తినారు?

చింతపండులో గింజలు తీస్తూ కూర్చున్న నా దగ్గరికి వచ్చి, "ఈసారి నువ్వు డైనోసార్ చెయ్యాల," అన్నాడు మా ఆయన. కాఫీ పెట్టమన్నంత తేలిగ్గా అన్నాడు.

"డైనోసారా?"

"ఊ. పెద్దది ఒగటి, పిల్లలు రెండు. శుక్రవారానికి కావాల."

మా ఆయన తిరుపాల్ పెనుకొండ దగ్గర కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. మా చర్చికి సెక్రటరీ కూడా. ఏటా మే నెలలో మా చర్చిలో పిల్లలకు పదిరోజుల పాటు వేసవి బైబిలు బడి నడుస్తుంది. పాఠం మగవాళ్ళు చెప్తారు. బొమ్మలు గీయడం, రంగు కాగితాలు కత్తిరించడం, అభినయ గీతాలు నేర్పించడం, మధ్యాహ్నం ఎనభై మంది పిల్లలకు అన్నం, పప్పు వండి పెట్టడం ఆడవాళ్ళం చూసుకుంటాం. పెళ్ళయిన పన్నెండేళ్ళలో నేను ఒక్క ఏడు కూడా తప్పించుకోలేదు. ఆఖరి రోజు ఆయన మైకు పట్టుకుని కమిటీ సభ్యులందరికీ పేరుపేరునా వందనాలు చెప్తాడు. చివర్లో, "సహకరించిన సహోదరీలకు కూడా," అంటాడు. ఆయన మైకు పట్టుకుంటే అది సేవ. నేను గరిటె పట్టుకుంటే అది సహకారం.

ఈ ఏడు పాఠం జలప్రళయంలో ప్రాణుల్ని కాపాడిన నోవహు ఓడ గురించి. ఆయన ఫోనులో రెండు నెలలుగా వీడియోలు చూస్తున్నాడు. దేవుడు ఆరోరోజున మనుషులతో పాటు డైనోసార్లనూ చేశాడట. అవీ ఓడ ఎక్కాయట. పెద్దవి పట్టవు కాబట్టి పిల్లల్ని ఎక్కించారట. ఎక్కనివన్నీ జలప్రళయపు బురదలో కూరుకుపోయి రాళ్ళయ్యాయట. మనం ఇప్పుడు శిలాజాలంటున్నది వాటినేనట. యోబు గ్రంథంలో దేవదారు చెట్టంత తోక ఉన్న నీటిగుర్రం కూడా డైనోసారేనట. ఇదంతా జరిగి నాలుగున్నర వేల ఏళ్ళట. అన్నం తింటూ చెప్తాడు, చెయ్యి కడుక్కుంటూ చెప్తాడు.

నేను ప్రభుత్వ హైస్కూల్లో బయాలజీ టీచర్ని. డైనోసార్లు ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట పోయాయని పిల్లలకు నేనే చెప్తాను. నేను దేవుణ్ణి నమ్మనిదాన్ని కాదు. ధర్మవరంలో మా నాయన మారెప్ప ఉదయం ప్రార్థన లేకుండా మాకు గంజి కూడా పోయనిచ్చేవాడు కాదు. కానీ హిందూపురంలో డిగ్రీ చదివేటప్పుడు, జువాలజీ చెప్పే రాధిక మేడం ఒకరోజు అద్దాల బీరువా తెరిచి, ఒక రాయి నా అరచేతిలో పెట్టింది. రాయి మీద నత్తగుల్ల అచ్చు ఉంది, చుట్టలు చుట్టలుగా, జడ అల్లినంత శ్రద్ధగా. "మనిషి పుట్టకముందు ఇది సముద్రంలో ఈదేది," అంది మేడం. ఆ చుట్టల మీద వేలు పెట్టి చివరిదాకా తిప్పాను. ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు నాకు కలిగే నెమ్మదే అప్పుడూ కలిగింది. ఆ సంగతి పెళ్ళయిన కొత్తలో ఆయనకు చెప్తే, "అట్లాటివి బయట చెప్పాకు, విశ్వాసంలో బలహీనురాలు అనుకుంటారు," అన్నాడు. ఈ వీడియోలు మొదలయ్యాక ఒకసారి మెల్లిగా ఏదో అనబోతే, "నీ పాఠం నువ్వు బళ్ళో చెప్పుకో. గుడిలో మాత్రం నోరు తెరవాకు," అన్నాడు. కోపంగా కూడా అనలేదు. కోపంగా అని ఉంటే నేనూ ఏదో ఒకటి అనేదాన్ని. మెత్తగా చెప్పిన మాటలకు తలూపడం నాకు ఎప్పుడు అలవాటైందో తెలియదు.

సరే, డైనోసార్ మొదలుపెట్టాను. ఫ్యాక్టరీ నుంచి ఆయన అట్టపెట్టెలు మోసుకొచ్చాడు. అట్టలు వంచి పక్కటెముకలు చేశాను, పైపులు కట్టి మెడ నిలబెట్టాను. చర్మానికి గుడ్డ కావలసి వచ్చింది. "నీ పచ్చ పట్టుచీర ఉండాది కదా, బీరువాలో ఊరికే మురుగుతాంది," అన్నాడు ఆయన. అది నా పెళ్ళి చీర. నేను నోరు తెరిచేలోపే లోపలి నుంచి మా అత్త ఉలిగమ్మ గొంతు వినిపించింది.

"ఏమబ్బా, నీ పెండ్లి ప్యాంటు కోసి ఇయ్యి, చర్మానికి."

నేను తెల్లబోయాను. మా అత్త నా పక్షాన మాట్లాడటం నేను ఎరగను. ఇంటికొచ్చిన కొత్తలో, "బీఎస్సీ చదివిందంట, పప్పులో ఉప్పు ఎంతెయ్యాల్నో ఆ పుస్తకంలో లేదేమో," అని వీధంతా వినపడేలా అన్న మనిషి. ఆవిడే తన పచ్చ దుప్పటి తెచ్చి నా ఒళ్ళో పడేసింది. సూది కూడా తెచ్చుకుని పక్కన కూర్చుంది.

నాలుగు రోజులు ఇద్దరం కలిసి కుట్టాం. తోక కింద కర్రలు పెట్టి పైకి లేపుతుంటే, "తోక నేలమీద ఉండాల కదమ్మే, బల్లికి ఉన్నట్ల," అంది.

"లేదత్తా. ఇది తోక గాల్లోకి ఎత్తుకుని నడుస్తుంది."

"నువ్వు చూసినావా?"

"వాటి అడుగుల అచ్చులు రాళ్ళమీద దొరికినాయి. పక్కన తోక ఈడ్చిన గీత లేదు."

అత్త సూది ఆపింది. చిన్నప్పటి నుంచి మేకలు కాసిన మనిషి ఆవిడ. "అవును కదా," అంది కాసేపటికి. "తెల్లారి మన్నులో అడుగులు చూసి, ఎన్ని మేకలు పోయింటాయో, ఏది కుంటుతాందో నేనూ చెప్తాంటి. నీ చదువు అదేనా అయితే?"

"అదే అత్తా."

"ముందే చెప్పింటే అయిపాయ కదా," అని మళ్ళీ సూదిలో దారం ఎక్కించుకుంది. నాకు నవ్వొచ్చింది. పన్నెండేళ్ళుగా చెప్పలేకపోయిన నా చదువు ఒక్క మాటతో ఆవిడకు అర్థమైపోయింది.

శుక్రవారం పిల్లలు డైనోసార్‌ను చూసి ఒకటే కేకలు. దాని మెడ చర్చి ఫ్యాను దాకా వచ్చింది. ఆయన దాని పక్కన నిలబడి పాఠం మొదలుపెట్టాడు. బాగా చెప్తాడు, ఆ మాట ఒప్పుకోవాలి. ఓడ ఎన్ని మూరలో, ఎన్ని అంతస్తులో, జంతువులు జతలు జతలుగా ఎట్లా ఎక్కాయో, పిల్ల డైనోసార్లు ఏ మూలన పడుకున్నాయో కళ్ళకు కట్టినట్టు చెప్పాడు. నేను వెనక వంట పాకలో పప్పు ఎనుపుతూ తలుపు సందులోంచి వింటున్నాను.

"ఏమైనా అడగాలంటే అడగండి," అన్నాడు చివర్లో.

మంజుల లేచింది. మా స్కూల్లో ఎనిమిదో తరగతి. వాళ్ళది చర్చికి వచ్చే ఇల్లు కాదు. ఆటలకోసం, పాటలకోసం సెలవుల్లో వస్తుంది.

"సార్, ఏడాది పొడుగునా ఓడలో అన్ని జంతువులుంటే పేడ ఎవరెత్తినారు?"

పిల్లలు గొల్లుమన్నారు. "అట్లాటివి అడగకూడదు, పాపా," అన్నాడు ఆయన.

"మా ఇంట్లో రెండు ఎనుములుండాయి సార్. రెండు దినాలు ఎత్తకపోతే నిలబడేదానికి కాదు. డైనోసార్‌ది ఎంత ఉంటాదో."

వెనక గోడకు ఆనుకుని కూర్చున్న మా అత్త గట్టిగా అంది. "ఇంగెవరు ఎత్తుతారే? ఆడోళ్ళే ఎత్తింటారు!"

ముందు ఆడవాళ్ళు నవ్వారు. తర్వాత పిల్లలు. పక్క కుర్చీలో ఉన్న మా పాస్టరు దేవేంద్ర అయ్యగారు కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నేను పప్పుగుత్తి పట్టుకునే నవ్వాను. చర్చి ఆవరణలో అంత పెద్దగా నేను ఎప్పుడూ నవ్వలేదు. నా నవ్వు వినపడి మంజుల అటు తిరిగింది.

"మేడం! మీరు ఆరున్నర కోట్ల ఏండ్లు అని చెప్పినారు. సారేమో నాలుగున్నర వేలు అంటాండారు. పరీక్షలో ఏది రాయాల?"

నవ్వులు ఆగిపోయాయి. ఎనభై తలలు వెనక్కి తిరిగాయి. ఆయన నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. అందులో కోపం లేదు, నమ్మకం ఉంది. నేను ఏమీ అననన్న నమ్మకం. పరీక్షలో పుస్తకంలో ఉన్నది రాయి అని తప్పించుకోవచ్చు. ఆయన గౌరవం నిలబడుతుంది, మా ఇంట్లో రాత్రి అన్నం ప్రశాంతంగా జరుగుతుంది. కానీ పరీక్షలో ఏం రాయాలని కాదు, ఏది నిజమని అడుగుతోంది ఆ పిల్ల. పిల్లలు అట్లా అడిగినప్పుడు అబద్ధం చెప్తే నేను ఇంక ఏ తరగతి గదిలోనూ నిలబడలేను.

చేతులు కొంగుకు తుడుచుకుని లోపలికి నడిచాను. "అయ్యగారూ, చెప్పొచ్చా?" అన్నాను.

"చెప్పమ్మా, పిల్లలు అడుగుతాండారు కదా," అన్నారు.

"ఆరున్నర కోట్ల ఏళ్ళు," అన్నాను. "బళ్ళో చెప్పింది నేను నమ్మే చెప్పినాను. గుడిలోనూ అదే చెప్తాను. డైనోసార్లను ఏ మనిషీ చూడలేదు. ఓడ కథ మనుషులెట్లా బతకాలో చెప్పేదానికి. రాళ్ళు భూమి ఎట్లా బతికిందో చెప్పేదానికి. రెండూ చదువుకోండి. రాళ్ళు చదివితే దేవుడు చిన్నోడైపోడు."

మంజుల ఇంకా నిలబడే ఉంది. "సరే మేడం. మరి పేడ ఎత్తిన ఆయమ్మ, నోవహు పెండ్లాం, పేరేమి?"

నేను అయ్యగారి వైపు చూశాను. ఆయన బైబిలు తెరిచారు, రెండు పేజీలు తిప్పారు, మూశారు. "లేదు తల్లీ. పేరు రాయలేదు. ముగ్గురు కోడండ్లవీ రాయలేదు. ముప్పై ఏండ్లుగా బోధిస్తాండా, నేనెప్పుడూ ఈ మాట అడగలా."

"అయితే మనమే పెట్టుకుందామా?" అంది మంజుల. "మా అమ్మ పేరు రామాంజినమ్మ."

ఇంక ఆగలేదు. హేమలత అని ఒకరు, మా అమ్మ పేరు పెట్టండి మేడం అని ఇంకొకరు, కాదు మా అవ్వది అని మరొకరు. చాక్‌పీసు తీసుకుని బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. ఒక పిల్లవాడు వాళ్ళమ్మ పేరు తెలియక బయటికి పరిగెత్తి, గేటు దగ్గరున్న ఆమెనే అడిగి వచ్చాడు. గుంపులోంచి ఎవరో "ఉలిగమ్మ!" అని అరిచారు. మా అత్త సిగ్గుపడి కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. బోర్డు నిండింది. చేతులకు పప్పు, దానిమీద సుద్దపొడి, నేను ఇరవై ఏళ్ళ పిల్లనైపోయాను.

ఆ ఊపులోనే అన్నాను. "రేపు పాఠం నేను చెప్తా. పొద్దున ఆరింటికి కొండ దగ్గరికి రండి."

"మరి రేపు వంట?" అన్నాడు మా ఆయన, అప్పటికి నోరు తెరిచి.

"కమిటీ సభ్యులు ఏడుమంది ఉన్నారు కదండీ," అన్నాను.

ఇంటికి వెళ్ళాక ఆయన మంచం మీద కూర్చుని, "అందరి ముందర నా పరువు తీసినావు," అన్నాడు.

"మీ మాట తప్పన్నాను. మిమ్మల్ని ఏమీ అనలేదు," అన్నాను. "నేను ఇంకోటి చెప్పింటే ఆ పిల్ల ముందర నా పరువు పోయేది. నాకూ ఒకటుంది కదా."

ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. నేను వెంటనే బుజ్జగించడానికి పోలేదు. ఎప్పుడూ పోయేదాన్ని. ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది.

శనివారం పొద్దున ఎండ ముదరకముందే కొండెక్కాం. పిల్లలు, రోజూ వంట పాకలో ఉండే ఆడవాళ్ళందరూ, చేతికర్రతో మా అత్త. సగం కొండ ఎక్కాక పెద్ద రాతిగుండు కింద నీడలో కూర్చున్నాం. దూరంగా బెంగళూరు రోడ్డు మీద లారీలు చీమల్లా పోతున్నాయి. మంజుల గుండు మీద చెయ్యి పెట్టి, "ఇది ఎన్నేండ్లది మేడం?" అంది.

"రెండొందల యాభై కోట్ల ఏండ్లు, కొంచెం అటూ ఇటూ."

"అబ్బా! దేవునికి అంత సేపు పట్టిందా?"

"ఆయనకు తొందరేముందమ్మా?"

మా అత్త ఫక్కున నవ్వింది. "ఆయనకేం, పొయ్యిమీద ఎసరు కాగుతాందా?"

ఆడవాళ్ళు పడీపడీ నవ్వారు. ఎవరూ లేచి పోదామనలేదు. ఒకామె పాట ఎత్తుకుంది, పిల్లలు గుండు చుట్టూ తిరిగి ఆడారు. నేను వాళ్ళకు రాతి మీద మెరిసే పలుకుల్ని చూపించాను. ఈ రాతిలో శిలాజాలు ఎందుకు దొరకవో చెప్పాను. ఏదైనా ప్రాణి పుట్టి ఎముకలు కట్టుకోకముందే ఇది గట్టిపడిందన్నాను. మా అత్త అన్నిటికన్నా ఎక్కువ ప్రశ్నలు అడిగింది.

దిగి వచ్చేసరికి పదకొండయింది. వంట పాకలో అన్నం సంగటిలా ముద్దయిపోయి ఉంది. పప్పు అడుగంటింది. ఏడుగురు మగవాళ్ళూ చెమటలు కక్కుతున్నారు. మా ఆయన మోచేతి మీద ఆవిరి తగిలి ఎర్రగా కమిలింది. మా అత్త ఏమీ అనకుండా అన్నాన్ని ముద్దలు కట్టి, మధ్యలో గుంట చేసి పప్పు పోసి పిల్లలకు అందించింది. కొండ దిగిన ఆకలిలో వాళ్ళకు అదే పండగైంది. ఆయన విస్తళ్ళ మధ్య వంగి వంగి వడ్డిస్తున్నాడు.

అందరూ తిని వెళ్ళాక, అన్నం వండిన ఖాళీ అండాల పక్కన ఇద్దరం మిగిలాం. నేను ఆయన మోచేతికి చల్లటి నీళ్ళు పోశాను.

"దినామూ ఇంత పనుంటాదా?" అన్నాడు.

"మీరు చూసింది అన్నం ఒక్కటే."

పొయ్యిలో చల్లారుతున్న బూడిదను పుల్లతో కెలికాడు. తర్వాత తల ఎత్తకుండానే, "సోమవారం పిల్లోళ్ళకు ఏమి చెప్తావు?" అని అడిగాడు.

నేను ఏం చెప్తానో ఆయన అడగడం పన్నెండేళ్ళలో అదే మొదలు. నేను ఏం చెప్పకూడదో మాత్రమే ఇన్నాళ్ళూ విన్నాను. చెప్పాలనుకున్నవి ఒకటా రెండా, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియనన్ని.

"శానా ఉండాయి," అన్నాను, కొబ్బరిపీచు ఆయన చేతికిస్తూ. "అండాలు తోముతా చెప్పుకుందాం, రాండి."