కోచ్ మోసిన నింద

మా ఆయన ఆదిశేషు గారికి అమెరికన్ ఫుట్‌బాల్ అంటే ఇప్పటికీ చిరాకే. "చేత్తో పట్టుకుని గుద్దుకునే ఆటకి ఫుట్‌బాల్ అని పేరేంటి?" అని ముప్పై ఏళ్లుగా అదే ప్రశ్న. అలాంటి మనిషి ఆ ఏప్రిల్ శనివారం నాకంటే ముందే తయారై కారులో కూర్చున్నారు. కోచ్ హాల్‌స్టెడ్ రిటైర్మెంట్ లంచ్‌కి వెళ్తున్నాం. అమెరికాలో అరోరా ఊరి దగ్గర ఒక చిన్న కాలేజీలో ఆయన ముప్పై రెండేళ్లు హెడ్ కోచ్‌గా చేశారు. అందులో ముప్పై ఏళ్లు ఆ టీముకి డాక్టర్ని నేనే.

"స్పీచ్ రాసుకున్నావా?" అన్నారు మా ఆయన డ్రైవ్ చేస్తూ.

"రాసుకున్నానండీ. రెండు రాశాను."

"టేబుల్ మీద ఉన్నది చూశాలే. థాంక్యూ తప్ప ఇంకేం లేదందులో. ఆ రెండోదే చదువు, మీనాక్షీ. ఇరవై రెండేళ్లు మోశావ్, ఇంక చాలు."

చదవాలంటే భయంగానే ఉంది. కోచ్ పేరుకి అంటిన మచ్చ నా వల్ల అంటిందని రెండొందల మంది ముందు ఒప్పుకోవాలి.

నేను ఆ టీములోకి వెళ్లిందే విచిత్రంగా. మా ఎముకల డాక్టర్ల గ్రూపులో కొత్తగా చేరాను కనక, చలిలో శనివారాలు నిలబడే డ్యూటీ నాకు అంటగట్టారు. గుంటూరులో చదివినదాన్ని, అయిదడుగుల మనిషిని. మొదటిరోజే కాలేజీకి చందాలిచ్చే పెద్దమనిషి ఒకాయన నన్ను చూసి, "నర్సు వచ్చింది సరే, డాక్టరేడీ?" అన్నాడు. కోచ్ ఆయనకి జవాబు చెప్పలేదు. కుర్రాళ్లందర్నీ దగ్గరికి పిలిచి, "ఈ గ్రౌండులో నా మాటకి తిరుగులేదు. ఈ డాక్టర్ గారు కాదంటే తప్ప" అన్నారు. అంత మర్యాద ఆసుపత్రిలో కూడా నాకు దొరకలేదు. ఆ ఒక్క మాటకి ముప్పై ఏళ్లు చలిలో నిలబడ్డాను.

ఇక ఆ రోజు సంగతి. 2002 నవంబరు. ఆ ఆట గెలిస్తే కాన్ఫరెన్స్ టైటిల్, అంటే మా చుట్టుపక్కల కాలేజీల పోటీలో కప్పు, మాది. కోచ్‌కి అదే మొదటి అవకాశం. ఇంటర్వెల్‌కి కాస్త ముందు మా క్వార్టర్‌బ్యాక్ కోవాచ్‌ని ఇద్దరు కలిసి పడగొట్టారు. టీమంతా వాడి చేతిమీదుగా నడుస్తుంది. వాడే లేచాడు, వాడే నడుచుకుంటూ వచ్చాడు. ఇవాళ ఏ వారం, ఎవరితో ఆడుతున్నాం, స్కోరెంత అని అడిగాను. అన్నీ సరిగ్గానే చెప్పాడు. కానీ ప్రతి జవాబూ ఒక్క క్షణం ఆలస్యంగా వచ్చింది. తలకి దెబ్బ తగిలి మెదడు అదిరిందేమోనని నా అనుమానం. ఆ రోజుల్లో అంతమాత్రానికి ఎవరూ ఆపేవారు కాదు, రెండు నిమిషాలు కూర్చోబెట్టి పంపేసేవారు.

కోచ్ దగ్గరికి వెళ్లి "వద్దు" అన్నాను.

"కచ్చితంగా తెలుసా?"

"తెలీదు. తెలీదు కాబట్టే వద్దంటున్నాను."

ఆయన ఒకసారి స్కోరుబోర్డు వైపు చూసి, "ఓకే డాక్టర్" అన్నారు. అంతే.

ఆపిన కుర్రాడు చెప్పకుండా గ్రౌండులోకి పరిగెత్తకుండా వాడి హెల్మెట్ దాచెయ్యడం మా పద్ధతి. నేను దాన్ని పొడుగు కోటు కింద పెట్టుకుని పొదిగే కోడిలా బెంచీ మీద కూర్చున్నాను. కోవాచ్ హెల్మెట్ కోసం వెతికి వెతికి, కోచ్ మీదికి వెళ్లాడు.

"డాక్టర్ అడిగినవన్నీ కరెక్టుగా చెప్పాను కదా! ఎందుకు ఆపారు?"

"డాక్టర్‌కి దీంతో సంబంధం లేదు. నేనే ఆడించట్లేదు" అన్నారు కోచ్.

పది అడుగుల దూరంలో ఉన్నాను. అంతా విన్నాను. నోరు మెదపలేదు.

ఒక్క పాయింటుతో ఓడిపోయాం. పేపరు వాళ్లకీ ఆయన అదే మాట చెప్పారు. పిరికి కోచ్ అని రేడియోలో వారం రోజులు తిట్టారు. సోమవారం కోవాచ్‌కి స్కాన్ తీస్తే శుభ్రంగా ఉంది. తలనొప్పి ఉందా అంటే లేదన్నాడు. స్కాన్ బాగున్నంత మాత్రాన దెబ్బ తగల్లేదని కాదు, నాకూ తెలుసు. అయినా గుండెలో రాయి పడింది. నామీద మీకు నమ్మకం లేదని కోచ్‌తో చెప్పి, వాడు వేరే కాలేజీకి మారిపోయాడు. మళ్లీ ఈ గడప తొక్కలేదు.

నిజం చెప్పేస్తానని నేను కోచ్ ఆఫీసుకి వెళ్లాను. ఆయన ఒప్పుకోలేదు. "మిమ్మల్ని తిట్టడం మొదలుపెడితే వచ్చే శనివారం నుంచి కుర్రాళ్లు దెబ్బలు దాచేస్తారు డాక్టర్. నన్ను తిడితే ఏం పోతుంది?" అన్నారు. ఆయన త్యాగం చూసి కన్నీళ్లు పెట్టుకున్నానని రాయొచ్చు. కానీ అప్పుడు నాకు కలిగింది హమ్మయ్య అన్న భావం. అందుకే ఇన్నాళ్లూ సిగ్గు. ఆ తర్వాత కోచ్‌కి టైటిల్ అందలేదు. ఎవరైనా ఆ ఆట మాటెత్తితే నేను తేలు కుట్టిన దొంగలా ఉండిపోయేదాన్ని.

మేం వెళ్లేసరికి కాలేజీ జిమ్‌లో లంచ్‌కి వేసిన బల్లల దగ్గర పాత ఆటగాళ్లు రెండొందల మంది ఉన్నారు. తలుపు పక్కన, చివరి బల్ల దగ్గర, సగం జుట్టు ఊడిన మనిషిని చూసి ఆగిపోయాను. కోవాచ్! కోచ్ కూడా చూశారు. చూసి ప్లేటులోకి తల దించుకున్నారు.

మైకు పట్టుకున్నాయన హాస్యంగా, "కోచ్, ఆ రోజు కోవాచ్‌ని కూర్చోబెట్టకపోయుంటే ఇవాళ ఇక్కడ ఒక కప్పుండేది!" అన్నాడు. అందరూ నవ్వారు. కోచ్ కూడా నవ్వారు. నాకు ఒళ్లు మండింది. నా వంతు రాగానే రెండో కాగితమే తీశాను.

"ఆ రోజు ఆపింది కోచ్ కాదు, నేను. హెల్మెట్ నా కోటు కింద ఉంది. ఆ నింద ఆయన మోశారు, నేను మోయనిచ్చాను. కోవాచ్, నీకు దెబ్బ తగిలిందో లేదో నాకు ఇవాళ్టికీ తెలీదు. తప్పైతే అది నా తప్పు. ఆయనకి నీమీద నమ్మకం లేక కాదు."

కోచ్ లేచి నిలబడ్డారు. "డాక్టర్ సగమే చెప్పారు. ఆవిడ వద్దన్నారు. కావాలంటే ఆ మాట కాదనే అధికారం అప్పట్లో నాకుండేది. నేను కాదనలేదు. కాబట్టి ఆ నిర్ణయం నాదే."

కోవాచ్ నెమ్మదిగా ముందుకి వచ్చాడు.

"డాక్టర్, మీరు నన్ను ప్రశ్నలడిగారని ఇప్పటికీ నాకు గుర్తులేదు. ఆ సెకండ్ హాఫే గుర్తులేదు. కోచ్ మీద అరిచింది టేపులో చూశాను. చెబితే మళ్లీ ఆడనివ్వరని దాచాను, నమ్మకం లేదన్న వంక పెట్టి వెళ్లిపోయాను. తర్వాత ఇంక ఏ మొహం పెట్టుకుని రాను?"

మా ఆయన ఎప్పుడు వచ్చారో, నా మోచెయ్యి పట్టుకున్నారు. ఇరవై రెండేళ్ల తర్వాత ఊపిరి తేలిగ్గా ఆడింది. ఇప్పుడు కోచ్ కోపంగా ఏదో ఒకటి అంటారనుకున్నాను. అనే హక్కు ఆయనకుంది.

కోచ్ వాడి రెండు భుజాలూ పట్టుకున్నారు. "ఇప్పుడు తలనొప్పులేమన్నా వస్తున్నాయా?"

"లేదు కోచ్."

"అబద్ధాలు చెప్పకు."

"నిజంగా లేవు. హైస్కూల్లో లెక్కలు చెప్తున్నాను. పిల్లల పేర్లన్నీ నోటికొచ్చు."

కోచ్ కుర్చీ లాక్కుని కూర్చుండిపోయారు. కళ్లు తుడుచుకుని, "నువ్వు ఆ కాలేజీలో ఆడినన్నాళ్లూ ప్రతి శనివారం రాత్రి అక్కడికి ఫోన్ చేసేవాణ్ని. గెలిచారా ఓడారా అని కాదు. నువ్వు నీ కాళ్ల మీద నడిచి బయటికి వెళ్లావా అని" అన్నారు.