తువ్వాలు అంచున ముడి

తీగ చుట్టి సంచిలో వేసి, ముసలాయన తువ్వాలు అంచున ఏడో ముడి విప్పాడు. భుజాన సంచిలో కుందేలు ఇంకా వెచ్చగానే ఉంది. మొదటి ఉచ్చులోనే పడిందని పొద్దున పొంగిపోయాడు. ఇంకా ఒక ముడి మిగిలింది. ఆ ఎనిమిదో ఉచ్చు ఎక్కడ పన్నాడో ఎంతకీ గుర్తుకు రాలేదు.

పాత సైకిల్ బ్రేకు తీగతో పిడికిలి పట్టేంత ఉరి, నేలకు నాలుగు వేళ్ల ఎత్తున. సాయంత్రం పన్నినప్పుడల్లా తువ్వాలుకు ఒక ముడి, తెల్లారి తీసినప్పుడల్లా ఒకటి విప్పడం. అందుకే ఊరంతా ఆయన్ను ముడుల తాత అంటుంది. ముడులు వేయని రోజుల్లో ఒక ఉచ్చు మరిచాడు. మూడో రోజు అందులో పక్కింటివాళ్ల కుక్క దొరికింది. దాని మెడ ఆయనకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టుంది.

పొద్దెక్కితే భార్య కట్టెలకు ఇటే వస్తుంది.

"నీ కళ్లకు ఏనుగే ఆనదు, తీగేం ఆనుతుందే? నేనొచ్చేదాకా రాకు," అన్నాడు బయల్దేరేటప్పుడు.

"నా కళ్ల సంగతి సరే, నీ బుర్ర సంగతో? నిన్న చెప్పులు తెచ్చి పొయ్యి మీద పెట్టావు," అందామె.

ఆమె మాట వినే మనిషి కాదు. ఆయనకు భయం పట్టుకుంది. వాగు నుంచి రాళ్లగుట్ట దాకా పొదపొదా కర్రతో తడిమాడు. ముళ్లు చేతులు చీరేశాయి. ఊపిరి అందక రెండుసార్లు ఆగాడు. కాలికి తీగ తగిలి, ఏ మోడు మీదో బోర్లాపడిన ఆమే కళ్లలో మెదిలింది.

అంతలో దగ్గు వినిపించింది. ఆమెదే.

"అక్కడే ఆగవే. అడుగు కదిపావంటే నామీద ఒట్టే."

ఆమె ఆగిపోయింది. చెట్ల మధ్య నుంచి కర్ర చప్పుడు వినిపిస్తూనే ఉంది. ఆయన ఒక్కో అడుగూ నేల తడుముతూ ఆమె వైపే వస్తున్నాడు. కాసేపటికి, "కొంచెం కూర్చుంటాను. నువ్వు మాత్రం కదలకు," అన్న మాట వచ్చింది. తర్వాత కర్ర చప్పుడు లేదు.

ఒట్టు పెట్టాడని ఆమె చాలాసేపు అలాగే నిలబడింది. పిలిచింది. మళ్లీ పిలిచింది. చివరికి ఒట్టు తీసి గట్టున పెట్టి నడిచింది. ఏ తీగా తగల్లేదు. ఆయన చెట్టుకు ఆనుకుని, ఆమె వచ్చే దారివైపే చూస్తూ, చల్లబడి ఉన్నాడు.

నలుగురూ మోసుకొచ్చాక పక్కింటామె సంచి బోర్లించింది. ఏడు తీగలు, ఒక కుందేలు. ఎనిమిదో తీగ కుందేలు మెడకే ఉంది. దొరికిన సంబరంలో తీగతో సహా సంచిలో వేసి, ముడి విప్పడం మరిచాడు.

మంచం కోడు మీద తువ్వాలు వేలాడుతోంది, అంచున ఒక ముడితో.