బిబిన్ మింగేసిన మాట

మా మలయాళం కామెడీ సీరియల్‌లో రాసిచ్చిన మాటలుండవు. గొడవ దేనికో డైరెక్టర్ కురియన్ సార్ చెబుతారు, మిగతాది మేమే అల్లుకోవాలి. నేను చేచీని, అంటే అక్కని, బిబిన్ తమ్ముడు. ఎవరి మాటతో సీను ముగిస్తే మెప్పంతా వాళ్ళదే. నాలుగేళ్ళుగా ఆ చివరి మాట కోసమే ఇద్దరం కొట్టుకు చస్తున్నాం. కెమెరా ఆగాక ఒకరి మొహం ఒకరం చూసుకునేవాళ్ళం కాదు.

మా నాన్నని, మా అప్పచ్చన్ని, సమాధి చేసి మళ్ళీ సెట్‌కి వచ్చిన రోజు నా నోరు పెగల్లేదు. ఆ రోజు సీన్లో, పళ్ళెంలో మిగిలిన ఒక్క కరిమీన్ చేప వేపుడు కోసం గొడవ. రెండుసార్లు తీశారు. రెండుసార్లూ పళ్ళెం కేసి చూస్తూ కూర్చున్నాను.

"జెస్నా, నీ బాధ తెలుసమ్మా," అన్నారు సార్. "ఇంకొక్కసారి చూస్తా. కుదరకపోతే అక్కకి పెళ్ళి చేసి దుబాయ్ పంపించేస్తాం."

మా సీరియల్‌లో దుబాయ్ వెళ్ళినవాళ్ళెవరూ తిరిగి రాలేదు. నా జీతం తప్ప మా ఇంటికి వేరే ఆధారం లేదు. పక్కనే కూర్చున్న బిబిన్ అంతా విన్నాడు.

మూడోసారి వాడు చేపని తన కంచంలోకి లాక్కున్నాడు. "చేచీకి చేపెందుకు? నన్ను చూస్తేనే కడుపు నిండిపోతుంది."

"నిండదురా, తిప్పుతుంది," అన్నాను.

ఎవరో కిసుక్కున నవ్వారు. వాడు ఆగలేదు. "చిన్నప్పుడు నా అందం చూసి ఊరంతా ముద్దు చేసేది, తెలుసా?"

"ఊరంతా ఎక్కడరా? అప్పచ్చన్ ఒక్కడే. అదీ కళ్ళజోడు పోగొట్టుకున్న ఏడాది."

సమాధి దగ్గర్నుంచి వచ్చాక అప్పచ్చన్ అన్న మాట పలకడం అదే మొదలు. అందరూ పగలబడి నవ్వారు. బిబిన్ దగ్గర జవాబుంది. వాడి పెదవుల దాకా రావడం నేను చూశాను. దాన్ని మింగేసి తల దించుకున్నాడు. సార్ కట్ చెప్పారు.

ఇప్పటికీ ప్రార్థనలో మా ఇంట్లోవాళ్ళతో పాటు వాడి పేరూ తలుచుకుంటాను.

"జెస్నా అదరగొట్టింది. నీకేమైందిరా?" సార్ వాడి మీద విరుచుకుపడ్డారు. "అలా దద్దమ్మలా కూర్చుంటే నిన్నే దుబాయ్ పంపిస్తా."

నిజం చెప్పేద్దామని నోరు తెరిచాను. బల్ల కింద బిబిన్ నా కాలు కసిదీరా తొక్కాడు, సొంత తమ్ముడిలాగే.