పుస్తకంలో లేని అక్క

ఆఫీసులో అందరూ ఆమెను పాముచెవులు అనేవాళ్ళు. ఆడియో నవలలు జనంలోకి వెళ్ళకముందే మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా వినడం ఆమె ఉద్యోగం. ఎదురుగా పుస్తకం, చెవులకు హెడ్‌ఫోన్లు. చదివేవాళ్ళు మాట మింగినా, కుర్చీ కిర్రుమన్నా, ఆకలికి కడుపు గుర్రుమన్నా ఇట్టే పట్టేసేది. చప్పుడైతే చెరిపేసేది, మాట తప్పైతే మళ్ళీ చదివించేది. ఇంట్లో మొగుడు బిస్కెట్ల డబ్బా మూత తీస్తే వీధి చివరనున్న ఈవిడకు వినిపిస్తుందని తోటివాళ్ళ వేళాకోళం. ఆ పొగడ్త ఆమెకు బాగానే రుచించేది.

ఈసారి వచ్చింది హత్యల నవల. చదువుతున్న అమ్మాయి ఇంట్లోనే రికార్డు చేసి పంపుతోంది. ఆఫీసులో ఎవరూ ఆమెను చూడలేదు. మొదట్లో ఒక్కసారి ఫోన్లో మాట్లాడి, మీకు చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుందట కదా అక్కా, అని నవ్వింది. ఆ తర్వాత ఎప్పుడు చేసినా భర్తే ఎత్తేవాడు. తన గొంతు అలసిపోకూడదు కదండీ, ఏదున్నా నాతో చెప్పండి అనేవాడు. ఎంత బుద్ధిమంతుడో అని పాముచెవులు మురిసిపోయింది కూడా. మనతో మర్యాదగా మాట్లాడితే చాలు, మిగతా మంచితనమంతా మనమే కల్పించి అంటగట్టేస్తాం.

ఆ రికార్డింగులతో ఒక్కటే చిరాకు. ప్రతి అధ్యాయం మొదట్లో తలుపు మూసుకునేది, తాళంచెవి తిరిగేది, అడుగులు దూరమయ్యేవి. అప్పటిదాకా అమ్మాయి నోరు విప్పేది కాదు. పాముచెవులు విసుక్కుంటూ ఆ ముక్క కత్తిరించి పారేసేది.

ఆ మధ్యాహ్నం కథ మంచి పట్టు మీద ఉంది. నాయికను పాత గిడ్డంగిలో బంధించారు. ఆమె చీకట్లో గోడ తడుముకుంటోంది. ఎక్కడా వెలుగు లేదు అన్నది పుస్తకంలో తర్వాతి వాక్యం. అమ్మాయి దానికి ముందు ఇంకొకటి చదివింది.

"తాళం చప్పుడు రోజూ వింటూనే ఉన్నావు కదా, అక్కా."

పాముచెవులు ఆపి, వెనక్కి జరిపి మళ్ళీ వింది. పేజీ అంతా వెతికింది. ఆ వాక్యం లేదు. అసలు నాయికకు అక్కే లేదు, తల్లికి ఒక్కతే కూతురని రచయిత మొదట్లోనే చెప్పాడు. చదివీ చదివీ పిల్లకు తల తిరిగినట్టుందని నవ్వుకుంటూ ఫోన్ చేసింది.

భర్త ఎత్తాడు. మీ ఆవిడ కథలో లేని అక్కను పుట్టించిందండీ అని ఆమె సరదాగా చెప్పింది.

"ఏమందో ఉన్నదున్నట్టు చెప్తారా?"

ఆమె అక్షరం పొల్లుపోకుండా అప్పజెప్పింది. పనిమీద అంత శ్రద్ధ మరి. మంచిదండీ, నేను మాట్లాడతాను అని అతను పెట్టేశాడు.

ఆమె తర్వాతి అధ్యాయం మొదలుపెట్టింది. తలుపు, తాళంచెవి, అడుగులు. అలవాటుగా కత్తిరించబోయిన చెయ్యి ఆగిపోయింది. గదిలో మనిషి గడియ వేసుకుంటే అడుగులు లోపలికి రావాలి. ఇవి దూరంగా వెళ్ళిపోతున్నాయి. నాయికకు అక్క లేదు. ఆ అమ్మాయి అక్కా అని పిలిచిన మనిషి ఈ కుర్చీలో కూర్చుని ఉంది.

పాముచెవులట, పాముచెవులు. ఇన్నాళ్ళూ విన్నదంతా చేతులారా చెరిపింది. ఆ పిల్ల తెగించి ఒక్క మాట అంటే, దాన్ని తీసుకెళ్ళి వాడికే అప్పజెప్పింది.

వెంటనే మళ్ళీ ఫోన్ కలిపింది.

"పొరపాటు నాదేనండీ. ఆ వాక్యం పుస్తకంలోనే ఉంది. నేనే వేరే పేజీ చూశాను. ఆవిణ్ణి ఏమీ అనకండి."

"మీదేం తప్పు లేదండీ. మీ పని మీరు చేశారు." గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. మెట్లెక్కుతున్నాడేమో, కాస్త ఆయాసం వినిపిస్తోంది.

ఫోన్లో తాళంచెవి తిరిగింది. ఆమెకు నిద్రలో వినిపించినా గుర్తుపట్టగల చప్పుడు. తలుపు తెరుచుకుంది. లోపలి నుంచి అమ్మాయి, ఫోన్లో ఎవరని అడిగింది.

"మీ అక్క," అని అతను ఫోన్ పెట్టేశాడు.